కాంతితో మెదడు కనెక్షన్లు గీయడం: కనిపించిన తీగ పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

ఎంఎస్సీ_రెండో_ఏడు
వచ్చే వారం నా సెమినార్. టాపిక్ "కాంతి సాయంతో మెదడులో నాడీ సంబంధాల మ్యాపింగ్". చదివే కొద్దీ అయోమయం పెరుగుతోంది. ఒక పేపర్‌లో కాంతి అంటే మైక్రోస్కోపు. ఇంకో పేపర్‌లో కాంతి అంటే న్యూరాన్‌ను (నాడీ కణాన్ని) ఆన్ చేసే స్విచ్. మూడో దాంట్లో మెదడు ముక్కను జెల్‌లో పెట్టి ఉబ్బిస్తున్నారు. అన్నిటికీ హెడింగ్ మాత్రం ఒకటే!

దీనికి తోడు మా సీనియర్ ఒకాయన మొత్తం టాపిక్‌నే కొట్టిపారేశాడు. "కాంతితో 200-250 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీయలేం. రెండు న్యూరాన్లు కలిసే చోటు, అంటే సినాప్స్ దగ్గర, మధ్య సందే 20 నానోమీటర్లు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తప్ప దారి లేదు, మిగతాదంతా హడావుడి" అన్నాడు. నిజంగా అంతేనా? టెన్షన్‌గా ఉంది, ఎవరైనా వివరంగా చెప్పండి.

ఎలక్ట్రాన్_పక్షపాతి
మీ సీనియర్ చెప్పింది కరెక్టే. 1986లో సీ. ఎలిగాన్స్ పురుగు 302 న్యూరాన్ల వైరింగ్ గీసింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో. 2024లో వచ్చిన ఈగ మెదడు మొత్తం, 1,39,255 న్యూరాన్లు, అదీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే. అదే ఏడాది మనిషి మెదడు ముక్క, ఒక ఘన మిల్లీమీటరు, దాదాపు 57,000 కణాలు, 15 కోట్ల సినాప్స్‌లు, 1.4 పెటాబైట్ల డేటా. అదీ అంతే. కాంతి వాళ్లు ఇంకా చిన్న చిన్న ముక్కల దగ్గరే ఉన్నారు.

పాత_మైక్రోస్కోపు
పైన పెద్దమనిషి 1986 నుంచి మొదలుపెట్టారు, దానికి వందేళ్ల ముందు సంగతి మర్చిపోతే ఎలా? మెదడులో కణాలు విడివిడిగా ఉంటాయని స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ తేల్చింది మామూలు కాంతి మైక్రోస్కోపుతోనే, 1880ల చివర్లో. అప్పటికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పుట్టనే లేదు. ఆయన వాడింది 1873లో గాల్జీ కనిపెట్టిన వెండి రంగు. దాని గొప్పతనమల్లా అది వంద కణాల్లో ఏ కొన్నింటికో మాత్రమే పట్టడం. పుష్కర ఘాట్‌లో అందరూ తెల్ల పంచెలే కట్టుకుంటే మన మనిషిని వెతకలేం, ఏ నలుగురో ఎర్ర చొక్కాల్లో ఉంటే గట్టు మీద నుంచే పోల్చుకుంటాం. అన్ని కణాలకూ రంగు పట్టి ఉంటే కహాల్‌కు నల్లటి మచ్చ తప్ప ఏమీ కనిపించేది కాదు.

ఇద్దరికీ కలిపి 1906లో నోబెల్ ఇచ్చారు. గాల్జీ మాత్రం నోబెల్ ఉపన్యాసంలో కూడా కహాల్ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. ఒకే రంగుతో ఒకే కణజాలాన్ని చూసిన ఇద్దరు మహానుభావులు రెండు వేర్వేరు నిర్ణయాలకు వచ్చారు. తమ్ముడూ, సెమినార్ ఇక్కడి నుంచి మొదలుపెట్టు.

ఎంఎస్సీ_రెండో_ఏడు
తమ్ముణ్ని కాదు సార్, చెల్లిని. మొదటి స్లైడ్ మాత్రం దొరికేసింది, థాంక్స్!

పాత_మైక్రోస్కోపు
సరేనమ్మా. ముప్ఫై ఏళ్లు జువాలజీ పాఠం చెప్పినవాణ్ని, సెమినార్ అనగానే ఉత్సాహం వచ్చేస్తుంది.

ల్యాబ్_పిల్లి
అసలు ప్రశ్నకు వస్తాను. 250 నానోమీటర్ల హద్దు నిజమే, ఎర్నెస్ట్ అబ్బే అనే శాస్త్రవేత్త 1873లో చెప్పాడు. దాన్ని దాటడానికి రెండు దారులు. ఒకటి, కాంతినే తెలివిగా వాడటం. స్టెఫాన్ హెల్, బెట్జిగ్, మోర్నర్‌లకు 2014 కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది అందుకే. రెండోది వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ అద్భుతమైన ఆలోచన. మైక్రోస్కోపు జోలికి పోకుండా వస్తువునే పెద్దది చెయ్యడం.

2015లో ఎంఐటీలో బోయ్డెన్ బృందం చేసింది ఇదే. మెదడు ముక్కలోకి సోడియం అక్రిలేట్ లాంటి చిన్న అణువుల్ని ఇంకించి లోపలే జెల్‌గా గట్టిపడనిస్తారు. కణజాలంలోని అణువులకు కట్టిన మెరిసే గుర్తులు జెల్‌కు అతుక్కుంటాయి. పట్టి ఉంచే ప్రోటీన్లను ఎంజైముతో తెగ్గొట్టి నీళ్లు పోస్తారు. మొత్తం అన్ని వైపులకూ సమానంగా సాగుతుంది, అప్పట్లో నాలుగున్నర రెట్లు. ఇంతకుముందు అతుక్కుని కనిపించిన రెండు చుక్కలు ఇప్పుడు దూరంగా జరుగుతాయి, మామూలు మైక్రోస్కోపుకే దొరుకుతాయి.

2025 మే నెలలో నేచర్‌లో వచ్చిన లైకాన్ పద్ధతి దీని కొనసాగింపే. ఆస్ట్రియాలోని ఐఎస్‌టీఏ అనే పరిశోధన సంస్థలో డాంజ్ల్ బృందం, గూగుల్ వాళ్లు కలిసి చేశారు. జెల్ మీద జెల్ వేసి దాదాపు 16 రెట్లు ఉబ్బించారు. 250ని 16తో భాగించి చూడండి. అడ్డంగా 20 నానోమీటర్ల దాకా, లోతులో 50 దాకా వస్తుంది. మైక్రోస్కోపేమో చాలా సంస్థల్లో ఇప్పటికే ఉండే స్పిన్నింగ్ డిస్క్ కాన్‌ఫోకల్. చిట్టెలుక మెదడులో ఆక్సాన్లను (న్యూరాన్ల నుంచి సాగే పొడవాటి తీగలను) ఒక్కొక్కటిగా వెంబడించి, ఏది దేనికి తగిలిందో గీశారు. కాబట్టి "కాంతితో కనెక్టోమ్ (మెదడు వైరింగ్ మ్యాప్) కుదరదు" అనే మాట 2025 తర్వాత చెల్లదు.

కాకినాడ_కాజా
నీళ్లు పోస్తే ఉబ్బే సోడియం జెల్ అంటే... పిల్లల డైపర్‌లో ఉండేదేగా అది???

ల్యాబ్_పిల్లి
అవును, అదే జాతి పాలిమర్. బోయ్డెన్ కూడా డైపర్ పేరు చెప్పే వివరిస్తాడు.

కాకినాడ_కాజా
మా బుడ్డోడు రోజూ ఎక్స్‌పాన్షన్ మైక్రోస్కోపీ చేస్తున్నాడన్నమాట 😂

ఎలక్ట్రాన్_పక్షపాతి
@ల్యాబ్_పిల్లి లైకాన్ పేపర్ నేనూ చదివాను, మంచి పనే. కానీ లెక్క చూడండి. పొడవులో 16 రెట్లంటే ఘనపరిమాణంలో 4,096 రెట్లు. ఒక మిల్లీమీటరు ముక్క 16 మిల్లీమీటర్ల జెల్ దిమ్మ అవుతుంది. అంత లోతుకు మంచి ఆబ్జెక్టివ్ లెన్స్ చూడలేదు, కాబట్టి మళ్లీ కోసుకోవాలి. పైగా అది నీళ్లతో నిండిన మెత్తటి జెల్, ముట్టుకుంటే జారుతుంది. వాళ్లు ఆ పేపర్‌లో గీసింది సుమారు పది లక్షల ఘన మైక్రాన్లు. ఘన మిల్లీమీటరులో అది వెయ్యో వంతు.

ల్యాబ్_పిల్లి
సైజు విషయంలో మీతో గొడవ లేదు. అయితే మీ ఎలక్ట్రాన్ బొమ్మ నలుపు తెలుపు. అందులో పొర కనిపిస్తుంది, బుడగలు కనిపిస్తాయి. అక్కడ ఏ ప్రోటీన్ ఉందో చెప్పదు. సినాప్స్ ఉత్తేజపరిచేదా, అణిచేదా అని ఆకారం చూసి అంచనా కట్టాల్సిందే. జెల్‌లో అయితే పీఎస్‌డీ-95 అనే ప్రోటీన్‌కు ఒక రంగు, గెఫిరిన్ అనే ప్రోటీన్‌కు ఇంకో రంగు వేస్తే మొదటిది ఉత్తేజపరిచే సినాప్స్, రెండోది అణిచేది అని చూడగానే తెలుస్తుంది. ఒకే బొమ్మలో వైరింగూ ఉంటుంది, ఆ వైరు చేసే పనీ ఉంటుంది.

ఫిల్మ్_రీడర్
ఇంకో పాయింట్. ఈ రంగులకు జన్యువులు మార్చక్కర్లేదు, ముక్కను స్టెయిన్ చేస్తే చాలు. అందుకని మనిషి కణజాలానికీ దారి ఉంది. పైన చెప్పిన 1.4 పెటాబైట్ల ముక్క కూడా ఎపిలెప్సీ ఆపరేషన్‌లో ఒక 45 ఏళ్ల మహిళ మెదడు నుంచి తీసిందే. అటువంటి ఆపరేషన్లు మన దగ్గరా జరుగుతాయి. తీసిన ముక్క పాథాలజీ రిపోర్టు వచ్చాక ఏళ్ల తరబడి మైనం బ్లాకులో ఉండిపోతుంది. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

గోదారి_గట్టు
నాకు సైన్సు పెద్దగా తెలియదు, టైటిల్ చూసి వచ్చాను. నాన్నగారికి పార్కిన్సన్స్, ఏడేళ్లు దాటింది. డాక్టరు గారు డీబీఎస్ (మెదడులో ఎలక్ట్రోడు పెట్టి కరెంటు ఇచ్చే చికిత్స) గురించి ఆలోచించమన్నారు. మెదడులో కాంతి పెట్టి సరిచేస్తారని వాట్సాప్‌లో వీడియో వచ్చింది. దాని కోసం ఆగాలా? కొంచెం అర్థమయ్యేలా చెప్పండి.

నీలం_ఎల్‌ఈడీ
@గోదారి_గట్టు దాని కోసం ఆగకండి. మనుషుల మెదడులో పార్కిన్సన్స్‌కు కాంతి చికిత్స అనేది ఇప్పుడు ఆసుపత్రుల్లో లేదు. ఆ పద్ధతికి ముందు వైరస్ ద్వారా న్యూరాన్లలోకి కొత్త జన్యువు పంపాలి, తర్వాత లోపలికి ఫైబర్ దించాలి. మనుషుల్లో ఈ తరహాలో పేరొచ్చిన ఫలితం కంటికి సంబంధించింది. 2021లో రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బుతో చూపు పోయిన 58 ఏళ్ల వ్యక్తి, కంట్లో జన్యువు ఎక్కించాక, ప్రత్యేక కళ్లద్దాలు పెట్టుకుని బల్ల మీది వస్తువులు ఎక్కడున్నాయో గుర్తించి చేత్తో తాకగలిగాడు.

అయితే డీబీఎస్‌కూ ఈ కాంతి పరిశోధనకూ సంబంధం ఉంది. డీబీఎస్ ఎలక్ట్రోడు సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చోట పెడతారు. కరెంటు ఇస్తే ఆ చుట్టుపక్కల ఉన్న వాటన్నిటికీ తగులుతుంది, ఏది తగిలి మేలు జరుగుతోందో విడదీయడం కష్టం. 2009లో స్టాన్‌ఫర్డ్‌లో పార్కిన్సన్స్ లక్షణాలు తెప్పించిన ఎలుకల్లో కాంతితో ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించారు. ఆ న్యూక్లియస్ కణాలనే అణిచితే పెద్ద మార్పు లేదు. బయటి నుంచి ఆ చోటికి వచ్చే ఆక్సాన్లను వేగంగా ఉత్తేజపరిస్తే కదలికలు మెరుగయ్యాయి. అంటే అసలు కిటుకు అక్కడికి వచ్చే కనెక్షన్లలో ఉందన్నమాట. నాన్నగారి విషయంలో మాత్రం మీ న్యూరాలజిస్టు మాటే వినండి. డీబీఎస్‌కు మనిషి ఆరోగ్యం బాగున్న సమయం ముఖ్యం, మరీ ఆలస్యం చేస్తే అవకాశం తగ్గొచ్చు. అది తప్పకుండా అడగండి.

గోదారి_గట్టు
చాలా థాంక్స్ అండీ. మనసు కొంచెం తేలికైంది. రేపే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుంటాను.

నీలం_ఎల్‌ఈడీ
ఇప్పుడు @ఎంఎస్సీ_రెండో_ఏడు నీ దగ్గరికి. ఇంతసేపూ అందరూ "చూడటం" గురించే కొట్టుకుంటున్నారు. కనెక్షన్ కనిపించడం వేరు, అది పనిచేస్తోందని తేలడం వేరు. నా రోజువారీ పని రెండోది కాబట్టి ఎలా ఉంటుందో రాస్తాను.

క్లామిడోమోనస్ అనే పచ్చ నాచులో చానెల్‌రొడాప్సిన్-2 అనే ప్రోటీన్ ఉంది. నీలం కాంతి పడగానే తెరుచుకుని ధన అయాన్లను లోపలికి వదులుతుంది. 2003లో నాగెల్, హెగెమన్, బాంబెర్గ్ వాళ్లు దాని గుణం బయటపెట్టారు, 2005లో బోయ్డెన్, డైసెరోత్ వాళ్లు న్యూరాన్లలో పనిచేయించారు. 2007లో పెట్రియాను, స్వొబోడా వాళ్లు దీన్ని సర్క్యూట్ మ్యాపింగ్‌కు వాడారు. అందులోని అందం ఏంటంటే, ఆక్సాన్ దాని కణం నుంచి తెగిపోయినా కాంతికి స్పందిస్తుంది. ఉదాహరణకు మెదడు ఎడమ వైపు కణాల్లో జన్యువు ఎక్కిస్తావు. వాటి ఆక్సాన్లు కుడి వైపుకూ వెళ్తాయి. కుడి వైపు నుంచి 300 మైక్రాన్ల స్లైస్ కోస్తావు. అందులో ఎడమ వైపు కణం ఒక్కటీ ఉండదు, తెగిన ఆక్సాన్ కొసలు మాత్రమే ఉంటాయి. ఒక కుడి వైపు న్యూరాన్‌ను గాజు పిపెట్‌తో ప్యాచ్ చేసి (పొరకు అతికించి దాని కరెంటు కొలిచేలా), నీలం కాంతి కొన్ని మిల్లీసెకన్లు వెలిగిస్తావు. కనెక్షన్ ఉంటే స్క్రీన్ మీద గీత చటుక్కున కిందికి దిగి మెల్లగా పైకి వస్తుంది. లేకపోతే గీత అలాగే చదునుగా ఉంటుంది.

ఇక్కడో చిక్కుంది. ఆ కరెంటు నేరుగా వచ్చిందా, మధ్యలో ఇంకో న్యూరాన్ ద్వారా తిరిగి వచ్చిందా? దానికి టీటీఎక్స్ అనే నాడీ విషం పోస్తాం. నాడీ స్పందనలన్నీ ఆగిపోతాయి, కాబట్టి మధ్యవర్తులు పనిచేయరు. దాంతో పాటు 4-ఏపీ అనే రసాయనం పోస్తే ఆక్సాన్ కొస మాత్రం కాంతి బలంతోనే ట్రాన్స్‌మిటర్ (కణాల మధ్య సందేశం మోసే రసాయనం) వదలగలుగుతుంది. ఈ రెండూ పోశాక కూడా గీత దిగిందంటే అది నేరు కనెక్షనే. ప్యాచ్ పట్టిన కణం అప్పటిదాకా చచ్చిపోకుండా ఉంటే ఆ రోజు పండగే.

సిలికాన్_సీత
నేను ఏఐ వైపు మనిషిని, ఒక సందేహం. వైరింగ్ మొత్తం చేతిలో ఉంటే ఎవరు ఎవర్ని కదిలిస్తారో సిమ్యులేట్ చేసుకోవచ్చు కదా? ఒక్కో కణానికీ లైటు కొట్టి చూడటం ఎందుకు?

నీలం_ఎల్‌ఈడీ
పైన చెప్పిన సీ. ఎలిగాన్స్ పురుగుతోనే జవాబు చెప్తాను. దాని వైరింగ్ 1986 నుంచి చేతిలో ఉంది. 2023లో ప్రిన్స్‌టన్‌లో లైఫర్ బృందం బతికి ఉన్న పురుగు తలలో ఒక్కో న్యూరాన్‌నూ కాంతితో కదిలించి, మిగతా న్యూరాన్లలో కాల్షియం మెరుపులు (న్యూరాన్ స్పందించిందని చెప్పే గుర్తు) ఎక్కడ వచ్చాయో రికార్డు చేసింది. ఏ చుక్క ఏ న్యూరానో పోల్చుకోవడానికి న్యూరాన్లు రంగురంగుల్లో మెరిసే న్యూరోపాల్ పురుగుల్ని వాడారు. మొత్తం 23,433 జతలు కొలిచారు. వైరింగ్‌ను బట్టి వేసిన అంచనాలకు, నిజంగా సిగ్నల్ వెళ్లిన తీరుకు చాలా చోట్ల పొంతన కుదరలేదు. తీగ లేని చోట కూడా సిగ్నల్ వెళ్లింది. న్యూరోపెప్టైడ్లు అనే సందేశ రసాయనాలు సినాప్స్ దాటి బయటి నుంచి చేరుతున్నాయి. ఆ పెప్టైడ్లు విడుదల కాని మ్యూటెంట్ పురుగుల్లో అలాంటి సంబంధాలు తగ్గిపోయాయి కూడా.

302 న్యూరాన్ల జీవికే ఇలా ఉంటే 8,600 కోట్ల న్యూరాన్ల మనిషికి ఉత్త వైరింగ్ బొమ్మ ఎలా సరిపోతుంది?

ఎలక్ట్రాన్_పక్షపాతి
ఇది కొంచెం అతి. పెప్టైడ్ ఎవరు వదులుతారు, దాని రిసెప్టర్ (దాన్ని అందుకునే ప్రోటీన్) ఎవరి దగ్గరుంది అనే లిస్టు కూడా వైరింగ్‌కు జోడిస్తే చాలా తేడాలకు కారణం దొరుకుతుంది. తీగలే తెలియకుండా "తీగ లేని చోట సిగ్నల్ వెళ్లింది" అని చెప్పగలిగేవాళ్లా? ఆ వాక్యం రాయడానికే ఎలక్ట్రాన్ మ్యాప్ కావాల్సి వచ్చింది.

నీలం_ఎల్‌ఈడీ
ఆ మాట ఒప్పుకుంటాను. మ్యాప్ లేకుండా నా ప్రయోగం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు.

సిలికాన్_సీత
ఇప్పుడు అర్థమైంది. మరి రెండూ ఒకే జంతువులో చేసినవాళ్లు లేరా?

ల్యాబ్_పిల్లి
ఉన్నారు. మైక్రాన్స్ ప్రాజెక్టు, 2025 ఏప్రిల్‌లో నేచర్‌లో వచ్చింది. ముందు బతికి ఉన్న చిట్టెలుకకు సినిమా ముక్కలు, వీడియోలు చూపిస్తూ టూ-ఫోటాన్ మైక్రోస్కోపుతో దాదాపు 75,000 న్యూరాన్ల మెరుపుల్ని రికార్డు చేశారు. తర్వాత అదే మెదడులో అదే ఘన మిల్లీమీటరును కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూశారు. రెండు లక్షలకు పైగా కణాలు, 52.3 కోట్ల సినాప్స్‌లు. ఒక ఘన మిల్లీమీటరులో వైరింగూ కావాలి, న్యూరాన్లన్నీ ఎప్పుడు ఎలా స్పందిస్తున్నాయో కూడా కావాలి అని అడగడం కుదరని కోరిక అని ఫ్రాన్సిస్ క్రిక్ 1979లో రాశాడు. ఆ మాట గుర్తొస్తే ఒళ్లు పులకరిస్తుంది.

కాకినాడ_కాజా
ఎలుకకు సినిమా చూపించారా! ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ పెట్టారో లేదో.

పాత_మైక్రోస్కోపు
రేబిస్ వైరస్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? పిచ్చికుక్క కాటు విషం నాడుల వెంట వెనక్కి పాకుతుందని పాఠంలో చెప్పేవాణ్ని. 2007లో సాక్ ఇన్‌స్టిట్యూట్‌లో కాల్లవే బృందం దానిలో ఒక జన్యువు తీసేసి, ఒక్క సినాప్స్ మాత్రమే వెనక్కి దాటి ఆగిపోయేలా చేసింది. దాటిన కణం మెరుస్తుంది. అంతటి భయంకరమైన జబ్బు చేత నాడీ పటం గీయించడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అదే ఏడాది హార్వర్డ్ నుంచి బ్రెయిన్‌బో ఎలుకలు కూడా వచ్చాయి, పక్కపక్క న్యూరాన్లు తలో రంగులో. ఆ బొమ్మ కాలేజీ నోటీసు బోర్డు మీద పెడితే కామర్స్ పిల్లలు కూడా ఆగి చూసేవాళ్లు.

ఎంఎస్సీ_రెండో_ఏడు
నాకిప్పుడు వరస కుదిరింది. గాల్జీ, కహాల్‌తో మొదలు. తర్వాత చూడటం: బ్రెయిన్‌బో, రేబిస్, ఉబ్బించడం. తర్వాత కదిలించి చూడటం: చానెల్‌రొడాప్సిన్. చివరికి పురుగు అట్లాస్, మైక్రాన్స్. ఇంకో ప్రశ్న. మన దేశంలో జరిగే పని ఏదైనా చెప్పాలంటే? మా మేడమ్ తప్పకుండా అడుగుతారు.

ఫిల్మ్_రీడర్
ఐఐటీ మద్రాస్‌లోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్. 2024 డిసెంబరులో ధరణి అనే పేరుతో గర్భస్థ శిశువుల మెదడు అట్లాస్ విడుదల చేశారు, 5,132 సెక్షన్లు, కణాల స్థాయిలో. అందరూ ఉచితంగా తెరిచి చూడొచ్చు. కాకపోతే అది కణాలు ఎక్కడెక్కడున్నాయో చెప్పే అట్లాస్, కనెక్షన్ల మ్యాప్ కాదు. ఆ తేడా నువ్వే ముందు చెప్పేసెయ్, ప్రశ్న రాకముందే.

నీలం_ఎల్‌ఈడీ
నా పద్ధతి లోపాలు కూడా చెప్పు చెల్లీ, దాచొద్దు. కాంతి కొడితే జన్యువు ఎక్కిన ఆక్సాన్లన్నీ ఒకేసారి స్పందిస్తాయి, మామూలుగా మెదడులో అలా జరగదు. స్లైస్‌లో గీత చదునుగా ఉందంటే కనెక్షన్ లేదని కాదు, కోసేటప్పుడు తెగిపోయి ఉండొచ్చు. కణజాలంలో కాంతి చెల్లాచెదురవుతుంది కాబట్టి లోతుకు పోయే కొద్దీ బలం తగ్గుతుంది. ఇప్పుడు హోలోగ్రామ్‌లతో బతికి ఉన్న ఎలుకలో ఎంచుకున్న ఒక్కో కణాన్నే కదిలిస్తున్నారు, దాంతో మొదటి లోపం చాలావరకు తీరుతోంది.

ఎలక్ట్రాన్_పక్షపాతి
నా తరఫు నుంచి ఒకటి. ఏ పద్ధతైనా కంప్యూటర్ గీసిన తీగల్ని మనుషులు కూర్చుని దిద్దాలి. ఈగ మెదడును దిద్దడానికి వందల మంది పనిచేశారు. వాళ్ల గురించి ఒక్క వాక్యమైనా పెట్టు, ఆ శ్రమ ఎవరికీ కనపడదు.

ఎంఎస్సీ_రెండో_ఏడు
తప్పకుండా పెడతాను. క్లాసులో ఉబ్బించడం కళ్లముందే చూపిద్దామని ఉంది. డైపర్ చింపి ఆ పొడి తీసి నీళ్లు పోస్తే సరిపోతుందా?

కాకినాడ_కాజా
డైపర్లు నేను కొరియర్ చేస్తా, మా ఇంట్లో స్టాకు ఎక్కువే.

ల్యాబ్_పిల్లి
సరిపోతుంది. పొడి కొంచెమే వేసి డిస్టిల్డ్ వాటర్ పోయి. కొళాయి నీళ్లలో లవణాలు ఉంటాయి కాబట్టి అంతగా ఉబ్బదు. ల్యాబ్‌లో కూడా చివరి విడత ఉబ్బించడానికి లవణాలు లేని నీళ్లే వాడతాం. బాగా ఉబ్బాక పైన చిటికెడు ఉప్పు చల్లి చూపించు, కళ్లముందే నీళ్లు వదిలి కుంగిపోతుంది. పొడి ముక్కులోకి పోకుండా మాస్కు పెట్టుకో, అయ్యాక సింకులో మాత్రం పారబోయకు, పైపు బ్లాక్ అవుతుంది.